చుక్కడి మెడలో గుదికర్ర

మంద ఉన్నచోట పిడుదులుంటాయి, పిడుదులున్నచోట గోరింక ఉంటుంది. ఇందులో వింతేమీ లేదు. అయితే వాగు ఒడ్డు బీట్లో తిరిగే గోరింకకు పిడుదులు తినడంతో పాటు ఇంకో వ్యాపకం కూడా ఉండేది. అది వార్తలు చెప్పేది.

ఎండ ముదిరి పశువులు తుమ్మచెట్ల నీడకు చేరగానే ఎవరో ఒకరి వీపు మీద వాలేది. చుట్టుపక్కల ఏం జరిగిందో గొంతెత్తి చెబుతూ, మధ్యమధ్య చెవుల వెనకా గంగడోలు కిందా రక్తం తాగే పిడుదుల్ని ముక్కుతో లాగి మింగేది. పశువులకు దురదా తీరేది, పొద్దూ పోయేది. పిట్ట కొంచెం కూత ఘనం అని మురిసిపోతూ వినేవి. కబురు కాస్త భయపెట్టేదైతే తోకలు కూడా ఆడించకుండా వినేవి.

ఆ మందలో చుక్కడని ఒక కోడె ఉండేవాడు. నుదుట తెల్లచుక్క, అప్పుడప్పుడే గట్టిపడుతున్న కొమ్ములు, ఒకచోట నిలవని కాళ్లు. వాడికి ఒకటే ఆశ. తొలకరి పడగానే ముసలెద్దు మైలయ్య పక్కన కాడి కింద నిలబడాలి. మైలయ్య జోడెద్దు పోయినేడు కాలం చేసింది. "నీ నడక బాగుందిరా. నా పక్కకు నువ్వే రావాలి" అని మైలయ్య ఒక్కసారంటే ఒక్కసారి అన్నాడు. ఆ మాటను చుక్కడు గడ్డి కంటే ఎక్కువగా నెమరేసుకున్నాడు.

ఒకనాడు పాపం వాడి చెవిలో జోరీగ దూరింది. జోరీగ చెవిలో దూరితే పెద్ద పెద్దవాళ్లే గంతులేస్తారు, కోడెవయసువాడి సంగతి చెప్పాలా? గింగిరాలు తిరిగి, తోకెత్తి పరుగెత్తి, కుడితి తొట్టి తన్నేశాడు. అంతే జరిగింది.

మధ్యాహ్నం గోరింక గేదె నల్లమ్మ వీపెక్కి చెప్పిన సంగతి వేరు.

"విన్నారా, ఈ ఘోరం విన్నారా. పట్టపగలు కోడె కుడితి తొట్టి మీద పడ్డాడు. ఆ పక్కనే మీ పసిదూడలున్నాయి. తొట్టి అడ్డం లేకపోతే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి."

అందరూ ఊహించుకున్నారు. చెప్పిన దానికంటే ఊహించుకున్నది ఎప్పుడూ పెద్దగానే ఉంటుంది కదా.

"ఈ కాలపు కోడెలంతా ఇంతే" అంది నల్లమ్మ.

"మొక్కై వంగనిది మానై వంగుతుందా" అంది ఇంకో గేదె.

చుక్కడు ముందుకొచ్చాడు. "పిన్నీ, నా చెవిలో జోరీగ దూరింది."

"చూశారా, ఎదురు మాట్లాడుతున్నాడు" అంది గోరింక, నల్లమ్మ చెవి వెనక బాగా బలిసిన పిడుదునొకటి లాగుతూ.

ఆరోజు నుంచి చుక్కడు లేకుండా వార్త లేదు. వాడు వాగు దాటితే 'కంచె దూకాడు'. చెట్టుకు వీపు రుద్దుకుంటే 'కొమ్ములు నూరుతున్నాడు'. ఊరికే నిలబడితే 'ఏదో పన్నాగంలో ఉన్నాడు'. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అన్నట్టయింది వాడి బతుకు. వాడు నీళ్లకొస్తే మిగతావాళ్లు పక్కకు తప్పుకునేవాళ్లు. కన్నతల్లి ఎర్రావు కూడా ఒక సాయంత్రం వాణ్ణి పక్కకు పిలిచింది.

"నిజం చెప్పు నాయనా, నిన్న నువ్వు కంచె దూకావా?"

"నిన్నంతా నీ పక్కనే మేశాను కదమ్మా."

"మేశావులే. కానీ అంతమంది అంటుంటే..." అంటూ ఎర్రావు మొహం తిప్పుకుంది. చుక్కడికి జోరీగ కుట్టినప్పుడు కూడా అంత నొప్పి పుట్టలేదు.

కాపరి దానయ్యకు గోరింక భాష రాదు. కానీ కళ్లున్నాయి. ఈ కోడెను చూస్తే చాలు మందంతా బెదిరిపోతోంది, వీడికేదో పొగరు పట్టినట్టుంది అనుకున్నాడు. మర్నాడే చుక్కడి మెడకు గుదికర్ర కట్టాడు. పొగరుబోతు పశువులు పరుగెత్తకుండా మెడకు వేలాడదీసే దుడ్డుకర్ర అది. అడుగు తీసి అడుగేస్తే మోకాళ్ల మీద కొడుతుంది.

"నిప్పు లేనిదే పొగ రాదని నేననలేదూ? ఇదిగో, గుదికర్ర పడింది" అంది గోరింక ఆ మధ్యాహ్నం. తోకలన్నీ ఆగిపోయాయి. గోరింకకు పండగే.

రోజంతా మోకాలి మీద కర్ర కొడుతుంటే ఎంత సాధువుకైనా చిరాకు పుడుతుంది. చుక్కడు బుసకొట్టడం మొదలెట్టాడు. బుసకొడితే పెద్దవాళ్లు జరుగుతున్నారు, దూడలు నోరు తెరుచుకుని చూస్తున్నాయి. అదీ కాస్త బాగానే ఉన్నట్టుంది వాడికి. మడుగులో తన నీడ చూసుకుంటూ తల ఎలా వంచితే ఎక్కువ భయంకరంగా కనబడతాడో సాధన చేశాడు. మంచివాడన్న పేరు ఎలాగూ రాదు, ఈ పేరైనా దక్కించుకుందామనుకున్నాడు. వయసు అలాంటిది, తప్పు పట్టకండి.

గోరింక అది కనిపెట్టి వచ్చి వాడి కొమ్ము మీద వాలింది.

"నీ పేరు వాగవతలి మందల్లో కూడా మోగుతోందిరా అబ్బాయ్. అదంతా నా చలవే."

"అక్కడ కూడానా?"

"మరేమిటనుకున్నావు. రేపు కాస్త బాగా రంకె వెయ్యి. మిగతాది నేను చూసుకుంటాను."

మర్నాడు రంకె వేశాడు. ఆ రంకె విని గవ్వ పరుగెత్తుకొచ్చింది. గవ్వంటే కొమ్ములు కూడా రాని పెయ్యదూడ. ఎక్కడ దొరికిందో చిన్న కట్టెపుల్ల నోట కరుచుకుని గుదికర్రలా ఊపుకుంటూ తిరుగుతోంది.

"అన్నా, నేనూ నీలాగే పొడుస్తా" అంటూ వచ్చి వాడి కాలిని తలతో గుద్దింది.

అందరూ చూస్తున్నారు. పైన కొమ్మ మీద గోరింక ఉంది. చుక్కడు మడుగులో నేర్చుకున్నట్టే తల వంచి, కళ్లెర్రజేసి, ఒక్క విసురు విసిరాడు. భయపెడదామనే విసిరాడు. కానీ మెడలో కర్ర బరువుకు తల అదుపు తప్పింది. కొమ్ము గవ్వ డొక్కకు గీసుకుపోయింది. పిల్లది కేకపెట్టి కూలబడింది. ఎర్రగా నెత్తురు జారింది.

చుక్కడు కొయ్యబారిపోయాడు.

"ఒరేయ్ అబ్బాయ్" అంది గోరింక పైనుంచి, గొంతు తగ్గించి. "ఆ విసురు ఇంకోసారి విసురు. ఈ చివర ఉన్నవాళ్లకు కనబడలేదు."

చుక్కడు తలెత్తి దాని మొహం చూశాడు. అందులో భయం లేదు, జాలి లేదు, కోపం కూడా లేదు. తొందర ఒక్కటే ఉంది. వాడు మోకాళ్ల మీద వంగి గవ్వ గాయాన్ని నాకడం మొదలెట్టాడు. నెత్తురు ఆగేదాకా నాకాడు. తర్వాత గుదికర్ర ఈడ్చుకుంటూ మైలయ్య దగ్గరికి పోయి కూలబడ్డాడు.

"తాతా, నేను అలాంటివాణ్ణేనా?"

మైలయ్య నెమరు ఆపాడు. "నీకేమనిపిస్తోంది?"

"మొదట కాదనుకున్నాను. అందరూ అంటుంటే అవునేమో అనుకున్నాను. ఇవాళ నిజంగానే అయ్యాను. పిల్లదాని నెత్తురు కళ్ల చూశాను."

"కళ్ల చూసి ఏం చేశావు?"

"నాకాను."

"గోరింక అది చెప్పిందా?"

"లేదు. ఇంకోసారి పొడవమంది."

 మైలయ్య కళ్లు చెమర్చాయి. "తప్పు నాదీ ఉందిరా" అన్నాడు. "నీ నడక బాగుందని నీతో అన్నాను గానీ పదిమందిలో అనలేదు. ముసలాళ్లకు ఇదో జబ్బు. మెచ్చుకోలు గుట్టుగా చేస్తారు, తిట్లు బజారున పెడతారు. సరే, ఎద్దు పుండు కాకికి నొప్పా అంటారు. గోరింకకు అసలు నొప్పి ఎక్కడుందో రేపు చూద్దాం. నువ్వు గవ్వ పక్కన ఉండు, చాలు."

మర్నాడు ఎండ పేలాలు వేయించేలా కాసింది. మైలయ్య మందకేసి చూసి అన్నాడు. "ఈ నీడ సరిపోయేట్టు లేదు. ఇవాళ వార్తలు మడుగులో దిగి విందామా?"

మడుగంటే నల్లమ్మకు పుట్టింటితో సమానం. ఆమె ముందు దిగింది, గేదెలన్నీ దిగాయి, చల్లదనం చూసి ఆవులూ దిగాయి. గోరింక వచ్చేసరికి ఒడ్డున గవ్వ, దానికి కాపలాగా చుక్కడు తప్ప మందంతా నీళ్లలోనే ఉంది; పైకి తలలూ కొమ్ములూ తప్ప ఇంకేమీ కనబడటం లేదు. చుక్కడి మీద వాలి చుక్కడి ఘోరాలే చెప్పలేదు కదా, అది అటూ ఇటూ ఎగిరి, దిక్కులేక మైలయ్య కొమ్ము మీద వాలింది.

"ఇదేమిటి, ఇక్కడున్నారు?"

"చల్లగా ఉందమ్మా. నువ్వు కానియ్యి" అన్నాడు మైలయ్య.

"విన్నారా, ఘోరం విన్నారా. నిన్న కోడె పసిదూడను..." అంటూ గోరింక వంగి చూసింది. చెవులు తడిసి మెడకు అతుక్కుపోయాయి. గంగడోలు నీళ్లలో ఉంది. ముక్కుకు నీటిచుక్క తప్ప ఏమీ తగల్లేదు. "పసిదూడను... పొడిచాడు."

"ఆ తర్వాత?" అంది నల్లమ్మ.

"తర్వాత... బయటికి రండి, అసలు సంగతి నీడలో చెబుతాను."

"ఇక్కడ చెబితే వినబడదా? చెవులు పైనే ఉన్నాయిగా."

గోరింక ఒక కొమ్ము మీంచి ఇంకో కొమ్ము మీదికి గెంతింది. ఆకలి నకనకలాడుతోంది. "ఇవాళ వార్తలేమీ లేవు" అంది విసురుగా.

మైలయ్య తాపీగా అడిగాడు. "నిన్నటిదాకా వాడు రోజుకో ఘోరం చేశాడు. మేం నీళ్లలో దిగగానే బుద్ధిమంతుడైపోయాడా?"

అప్పుడు చుక్కడి పక్కన ఒడ్డు మీద పడుకున్న గవ్వ నోరు విప్పింది. "అన్న నా దెబ్బ నాకాడు. నెత్తురు ఆగేదాకా నాకాడు. అది ఎందుకు చెప్పలేదు పిన్నీ?"

ఆకలి మీద ఉన్నవాళ్లకు నోరు జారడం ఎంతసేపు. గోరింక కస్సుమంది.

"నాకితే ఎవరు ఆగి వింటారే పిల్లా? ఒకడు బాగున్నాడని చెబితే వీళ్ల తోకలు ఆడుతూనే ఉంటాయి. తోక ఆగకపోతే నాకు పిడుదు ఎలా దొరుకుతుంది?"

అనేసి నోరు మూసుకుంది. కానీ మాట మడుగంతా పరుచుకుంది.

 నల్లమ్మ నిట్టూర్చింది. "దాన్ని అని ఏం లాభం? దురద తీరుతుంటే మనం కళ్లు మూసుకుని విన్నాం. చెప్పేవాడికి వినేవాడు లోకువని ఊరికే అన్నారా." తర్వాత చుక్కడి వైపు తిరిగింది. "ఒరేయ్ అబ్బాయ్, ఆరోజు నీ చెవిలో జోరీగ దూరిందన్నావే. ఏ చెవిరా?"

అన్నాళ్లకు వాణ్ణి ఒకరు ఒక ప్రశ్న అడిగారు. "కుడి చెవి పిన్నీ" అన్నాడు చుక్కడు.  ఎర్రావు నీళ్లలోంచి లేచి వచ్చి, ఆ కుడి చెవిని నాకింది.

సాయంత్రం దానయ్య వచ్చేసరికి మంద మధ్యలో చుక్కడు, వాడి కాళ్ల దగ్గర గవ్వ, చుట్టూ అందరూ నింపాదిగా మేస్తున్నారు. దానయ్య కాసేపు నిలబడి చూశాడు. వీడికి ఇది ఎందుకు కట్టానబ్బా అనుకుంటూ గుదికర్ర విప్పి అవతల పారేశాడు.

తొలకరి పడింది. మైలయ్య పక్కన చుక్కడు కాడి కిందికొచ్చాడు. మొదటి చాలు వంకరపోయింది. రెండోదీ కొంచెం వంకరపోయింది. మైలయ్య మాత్రం తన నడకే నడిచాడు. ఆ నడక అందుకున్నాక చాళ్లు చక్కబడ్డాయి. నాగలి వెనక తిరగబడ్డ మట్టిలో ఎర్రలూ పురుగులూ బయటపడుతుంటే గోరింక గబగబా ఏరుకుంటూ నడుస్తోంది. ఎద్దులు ఆగితే దానికి తిండి ఆగిపోతుంది. కడుపు దానికీ ఉంది, పాపం.

"అబ్బాయ్" అంది కాస్త బెరుకుగా. "ఇవాళ నీ గురించి ఏం చెప్పమంటావు?"

చుక్కడు వెనక్కి తిరగలేదు. "ఏమీ వద్దు పిన్నీ. నువ్వు పురుగులేరుకో. నేనెలాంటివాణ్ణో కావలసినవాళ్లు గట్టు మీద నిలబడి ఈ చాళ్లు చూసుకుంటారు."

గోరింక ఆరోజు ఇంకేమీ మాట్లాడలేదు. నోటినిండా పని ఉంది మరి.

నీతి: ఒకరి మీద కబురు చెవిన పడితే, అది నమ్మే ముందు చెప్పినవాడి కడుపు దేనితో నిండుతోందో చూడాలి.