దాలమ్మ చెయ్యి

అనగా అనగా ఒక కాలం. అది ఏ రాజు కాలమో, ఏ దొర కాలమో చెప్పగలవాళ్లు ఇప్పుడు లేరు. కర్ర గానుగలు పోయి, చెరకు తోటల్లోకి ఇనప గానుగలు కొత్తగా దిగుతున్న కాలమని మాత్రం తెలుసు. ఆ కాలంలో, ఏటికి ఇవతల, బెల్లం వండే ఊళ్లో దాలమ్మ అనే ఆవిడ ఉండేది.

దాలమ్మకు పొలం లేదు, పాడి లేదు. ఒక గంప ఉంది, ఒక గొంతు ఉంది. పొద్దున్నే గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగేది.

"పాత ఇనుమో! పాత ఇనుమో!"

విరిగిన కర్రు తెచ్చిస్తే రెండు మరమరాల ఉండలు. అరిగిన లాడం తెచ్చిస్తే ఒక ఉండ. గంప నిండితే తీసుకెళ్లి ఇనుము కరిగించే కొలిమి దగ్గర పోసేది. ఆ పూటకు బియ్యం తెచ్చుకునేది. అలా గడిచేది.

ఆమె పెనిమిటి అసిరయ్య తాళాలు బాగుచేసేవాడు. చెవి పోయిన తాళానికి చెవి చేసేవాడు. తుప్పు పట్టిన తాళానికి ప్రాణం పోసేవాడు. చెరకు కోతలప్పుడు మాత్రం అందరితో పాటు గానుగ దగ్గరకు కూలికి వెళ్లేవాడు. ఒక ఏడు గానుగలో చెరకు పెడుతుంటే, చెరకుతో పాటు చెయ్యి కూడా లోపలికి పోయింది. కుడి చెయ్యి. మణికట్టు దాకా.

ప్రాణం దక్కింది. చెయ్యి దక్కలేదు.

అసిరయ్య గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. పొద్దున గోడే, మధ్యాహ్నం గోడే, సాయంత్రం గోడే. ఊళ్లోవాళ్లు తాళాలు తెచ్చి, అతన్ని చూసి, తిరిగి తీసుకుపోయేవారు.

"ఒంటి చేత్తో ఏటి చెయ్యగలను దాలీ? ఆకురాయి పడితే తాళం జారిపోద్ది. తాళం పడితే ఆకురాయి ఎవరు పడతారు?"

దాలమ్మ గంప ఎత్తుకుని బయటికి నడిచింది.

ఒకరోజు దాలమ్మ ఏటి మీద వంతెన కట్టిన చోటికి వెళ్లింది. వంతెన పని అయిపోయి దొరలు వెళ్లిపోయారు. వాళ్ల పాక కూలిపోయింది. ఆ పాక కింద, మట్టిలో సగం కూరుకుపోయి, ఒక ఇనప వస్తువు కనిపించింది. రెండు పెద్ద దవడలు, వాటి మధ్య లావుపాటి మర, మర తిప్పడానికి ఒక పిడి. పిడి తిప్పితే దవడలు దగ్గరకొచ్చి, మధ్యలో ఏది పెడితే దాన్ని కదలకుండా పట్టుకుంటాయి. కార్ఖానాల్లో దాన్ని వైసు అంటారు. దాలమ్మకు అప్పటికి ఆ పేరు తెలియదు. అది పట్టుకుంటుందని మాత్రం చూడగానే తెలిసింది.

తుప్పుతో బిగుసుకుపోయి ఉంది. ఇద్దరు మనుషులు ఎత్తేంత బరువుంది. దాలమ్మ దాన్ని గోనెపట్టా మీద ఈడ్చుకుంటూ ఇంటికి తెచ్చింది.

"కొలిమిలో పడేయక ఇక్కడికెందుకు తెచ్చావే?" అన్నాడు అసిరయ్య, గోడ వైపు నుంచి తిరగకుండానే.

మొదటిరోజు కిరసనాయిల్లో నానబెట్టింది. మర కదల్లేదు. రెండోరోజు చింతపండు గుజ్జు పట్టించి, ఇటుక పొడితో తోమింది. తుప్పు ఎర్రటి నీళ్లై పోయింది గానీ మర కదల్లేదు. మూడోరోజు వేడి బూడిదలో కప్పి, తీసి, కొయ్యసుత్తితో చుట్టూ మెల్లగా కొట్టుకుంటూ వచ్చింది. పసిబిడ్డ వీపు తట్టినట్టు కొట్టింది. సాయంత్రానికి కిర్రుమంది. ఆముదం పోసింది. పిడి తిరిగింది.

అసిరయ్య గోడ మీంచి చూపు తిప్పాడు.

దాలమ్మ ఆ వైసును వాకిట్లో చింతమొద్దుకు మేకులతో బిగించింది. ఒక పాత తాళం తెచ్చి దవడల మధ్య పెట్టి, పిడి తిప్పింది.

"నువ్వు పట్టుకో తల్లీ. తక్కిన పని ఆయన చూసుకుంటాడు," అంది వైసుతో.

అసిరయ్య వచ్చాడు. ఎడమ చేత్తో ఆకురాయి తీసుకున్నాడు. తాళం జారలేదు. అతను ఆ రోజు అన్నం తినడం కూడా మరిచిపోయాడు.

నాలుగేళ్లు బతికాడు ఆ తర్వాత. ఆ నాలుగేళ్లూ తాళాలు చేశాడు. ఐదో ఏట విషజ్వరం వచ్చి కన్నుమూశాడు. పోయేముందు దాలమ్మతో ఒకే మాట అన్నాడు. "నన్ను గోడ వైపు నుంచి ఇటు తిప్పావే దాలీ."

అసిరయ్య పోయాక దాలమ్మ మళ్లీ గంప ఎత్తుకుంది. కానీ ఇప్పుడామె కళ్లు వైసుల కోసం వెతికేవి. సముద్రపు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడలో ఒకటి దొరికింది. మూతబడిన నూనె మిల్లులో ఒకటి. దొరల బంగళా వెనకాల, దవడ విరిగింది ఒకటి, మర విరిగింది ఒకటి దొరికితే, రెంటినీ కలిపి ఒకటి చేసింది. కొలిమి కామందు నవ్వాడు. "కరిగిస్తే పోయేదానికి ఈ చాకిరీ ఏటే?" అన్నాడు. దాలమ్మ కిరసనాయిల్లో నానబెట్టింది, చింతపండుతో తోమింది, బూడిదలో కప్పింది. దవడల మీద గీతలు అరిగిపోయి ఉంటే, ఆకురాయితో ఒక్కొక్క గీతా మళ్లీ కోసింది.

ఇనప గానుగలు ఊరూరా దిగాయి. ఏటేటా చేతులు పోతూనే ఉన్నాయి. చెయ్యి పోయినవాళ్ల ఇల్లు వెతుక్కుంటూ దాలమ్మ వెళ్లేది. గంగులు అనేవాడికి ఒక వైసు ఇచ్చింది. అతను కొడవళ్లకు పదును పెట్టడం మొదలుపెట్టాడు. బోడయ్యకు ఒకటి ఇచ్చింది. అతను గేదె కొమ్ముతో దువ్వెనలు చేశాడు. ముత్యాలుకు ఒకటి ఇచ్చింది. అతను ఎడ్ల మెడలకు కట్టే గంటలు రాకి నునుపు చేశాడు. ప్రతి ఇంట్లోనూ వైసు బిగించి ఒకే మాట అనేది.

"నువ్వు పట్టుకో తల్లీ. తక్కిన పని వీడు చూసుకుంటాడు."

ఎన్ని ఇచ్చినా ఒక్కటి మాత్రం ఇవ్వలేదు. వాకిట్లో చింతమొద్దు మీదున్న అసిరయ్య వైసు. దానికి రోజూ ఆముదం రాసేది. రోజూ తుడిచేది. దాంతో ఎవరూ పనిచెయ్యలేదు.

పైడమ్మ అని ఒక పిల్ల ఉండేది. పెళ్లయిన ఏడాదికే చెయ్యి గానుగలో పోయింది. మొగుడు వదిలేసి వెళ్లిపోయాడు. ఆ పిల్ల దాలమ్మ వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"అత్తా, నాకూ ఒకటి ఇయ్యవా?"

"ఇస్తానమ్మా. ఇప్పుడు చేతిలో ఏదీ లేదు. దొరకగానే ఇస్తాను."

పైడమ్మ చింతమొద్దు వైపు చూసింది. అడగలేదు. వెళ్లిపోయింది.

రెండోసారి వచ్చింది. "దొరికింది గానీ ఇంకా తుప్పు వదల్లేదు," అంది దాలమ్మ. మూడోసారి వచ్చింది. "మర విరిగి ఉంది, అతకాలి," అంది. మూడుసార్లూ పైడమ్మ చింతమొద్దు వైపు చూసింది. మూడుసార్లూ దాలమ్మ చూపు తిప్పుకుంది.

ఇలా ఉండగా, ఎక్కడో యుద్ధం వచ్చింది. ఫిరంగులకు ఇనుము కావాలన్నారు. కోట నుంచి జప్తులు చేసే అమీను ఒకడు బళ్లు కట్టుకుని, బంట్రోతులను వెంటేసుకుని వచ్చాడు. చావడి దగ్గర నిలబడి ఊరందరికీ వినిపించేలా చెప్పాడు.

"పనిలో ఉన్న ఇనుము మాకు అక్కర్లేదు. కర్రు, గానుగ, బండిపట్టా మీ దగ్గరే ఉంచుకోండి. పని లేకుండా పడి ఉన్న ఇనుమంతా కోటదే. ఇదే నా మాట."

మొదటిరోజు బంట్రోతులు దాలమ్మ ఇంటి వెనకున్న కుప్ప తీసుకుపోయారు. నానుతున్న వైసులు, అతకాల్సిన వైసులు, అన్నీ. పైడమ్మకు ఇస్తానన్నది కూడా అందులోనే పోయింది. వాకిట్లోది వాళ్లకు కనపడలేదు. దాని మీద గోనెపట్టా కప్పి ఉంది.

రెండోరోజు ఒంటిచేతి వాళ్ల ఇళ్లకు వెళ్లారు. గంగులు కొడవలికి పదును పెడుతున్నాడు. బోడయ్య కొమ్ము కోస్తున్నాడు. ముత్యాలు గంట రాకుతున్నాడు. ఏ వైసూ ఖాళీగా లేదు. అమీను మాట మీద నిలబడి వెనక్కి వచ్చేశాడు.

ఆ మధ్యాహ్నం దాలమ్మ చింతమొద్దు దగ్గర కూర్చుంది. గోనెపట్టా తీసింది. తళతళలాడుతున్న ఆ దవడల్ని చూసింది. ఊళ్లో పని లేకుండా మిగిలిన వైసు ఇదొక్కటే. దానికి పని లేకుండా చేసింది ఎవరు? నేనే కదా, అనుకుంది. ఆ పిల్ల మూడుసార్లు వచ్చింది. ఇది ఇక్కడుండగానే మూడుసార్లు సాకు చెప్పాను. అసిరయ్య బతికుంటే ఒక్కసారి కూడా చెప్పనిచ్చేవాడు కాదు.

పక్కింటామెతో కబురు పెట్టింది. "పైడమ్మను రేపు పొద్దున్నే రమ్మను. వైసు ఇస్తానని చెప్పు."

మూడోరోజు పొద్దున పైడమ్మ కంటే ముందు అమీను వచ్చాడు. కొలిమి కామందు చెప్పాడట, ముసలిదాని దగ్గర ఇంకొకటుందని, అంత బరువైనది ఈ చుట్టుపక్కల లేదని.

అమీను చింతమొద్దు చుట్టూ తిరిగాడు. దవడ మీద వేలు రాశాడు. వేలికి ఆముదం అంటింది, ఇనప రజను ఒక్కటీ అంటలేదు.

"ముసలమ్మా, ఇది పని చేసి ఎన్నాళ్లయింది?"

"మా ఆయన పోయిన కాణ్ణించి చెయ్యలేదు బాబూ."

"అయితే ఇది కోటది." బంట్రోతులకు సైగ చేశాడు. వాళ్లు గునపాలు తెచ్చారు.

దాలమ్మ లేచింది. ఎవరికీ అడ్డం రాలేదు, ఎవరి కాళ్లూ పట్టుకోలేదు. వైసు దగ్గరకు వెళ్లి, ఎడమ చేతిని దవడల మధ్య పెట్టింది. కుడిచేత్తో పిడి తిప్పింది. ఒకసారి తిప్పింది. రెండుసార్లు తిప్పింది. మూడోసారి తిప్పినప్పుడు ఆమె ముఖం పాలిపోయింది.

"ఇప్పుడు పనిలో ఉంది," అంది.

అమీను నిర్ఘాంతపోయాడు. "ఏం పని ఇది?"

"నన్ను పట్టుకుంది బాబూ. ఇన్నాళ్లూ నేను దాన్ని పట్టుకున్నాను."

"పిచ్చిదానా, వదులు చెయ్యి!"

"పనిలో ఉన్నదాన్ని ముట్టనన్నారు. ఊరంతా విన్నది."

బంట్రోతులు గునపాలు దించారు. అమీను వాకిట్లో మంచం వాల్చుకుని కూర్చున్నాడు. ఎంతసేపు ఉంటుందిలే, నొప్పికి ఆగలేక తనే వదులుతుంది, అనుకున్నాడు. పొద్దెక్కింది. దాలమ్మ వదల్లేదు. పొద్దు బారెడెక్కింది. వదల్లేదు. పైడమ్మ పరుగున వచ్చి, చూసి, ఘొల్లుమంది.

"అత్తా, నాకు వద్దు! ఏదీ వద్దు! తియ్యి చెయ్యి!"

"ఊరుకో. నాకు నీళ్లు తాగించు."

పైడమ్మ తన ఒక్క చేత్తో చెంబు ఎత్తి పట్టింది. ఊరంతా వచ్చి నిలబడింది. గంగులు, బోడయ్య, ముత్యాలు వచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చున్నారు.

పొద్దు వాలింది. అమీను లేచాడు. అతని ముఖంలో కోపం లేదు. ఆమె ముందు నిలబడి, తలపాగా సర్దుకుని వెళ్లిపోయాడు. బళ్లు కదిలాయి.

"తీసేదా అత్తా?"

"ఉండు. బళ్లు ఏరు దాటనీ."

బళ్లు ఏరు దాటాక పైడమ్మ పిడి తిప్పింది. దవడలు తెరుచుకున్నాయి. దాలమ్మ చెయ్యి తనంతట తాను బయటికి రాలేకపోయింది. పైడమ్మే మెల్లగా తీసి ఒళ్లో పెట్టుకుంది. అది నల్లగా, చల్లగా ఉంది.

ఆకుపసర్లు కట్టారు. మంత్రసాని చూసింది, వైద్యుడు చూశాడు. విషం పైకెక్కింది. దాలమ్మ మంచం మీద పడుకునే పైడమ్మకు పని చెప్పింది. అసిరయ్య దగ్గర నాలుగేళ్లు చూసిందంతా చెప్పింది. చెవి పళ్లు ఎలా కొయ్యాలి, తాళం లోపలి కమ్మీ ఎలా వంచాలి. పైడమ్మ చింతమొద్దు దగ్గర కూర్చుని రాకింది. మొదటి చెవి విరిగింది. రెండోది ఇరుక్కుపోయింది. మూడోది పెట్టి తిప్పితే టక్కుమంది, తాళం ఊడొచ్చింది.

"విన్నావా అత్తా?"

"విన్నాను," అంది దాలమ్మ. ఆ పొద్దు కుంకేలోపే ప్రాణం వదిలింది.

దహనం చేసి వచ్చాక పైడమ్మ వాకిట్లోకి వెళ్లింది. ఆ తాళం ఇంకా దవడల మధ్యనే బిగించి ఉంది. ఆ బిగిసి ఉన్న దవడల మధ్య ఆమెకు దాలమ్మ చెయ్యే కనిపించింది. తాళం తీసేసింది. దవడల్ని రెండు వేళ్ల వెడల్పున తెరిచి, పిడిని నిట్టనిలువుగా కిందికి వదిలేసింది. ఇక రోజూ పని అయ్యాక అలాగే చేసింది. గంగులు చూశాడు, తనూ అలాగే చేశాడు. బోడయ్య, ముత్యాలు అలాగే చేశారు. వాళ్ల దగ్గర పని నేర్చుకున్నవాళ్లు అలాగే చేశారు.

ఆ సీమలో గానుగలు పోయాయి, కోట పోయింది. కమ్మరి కొట్లు పోయి లేతు షాపులు వచ్చాయి. వైసులు మాత్రం ఉన్నాయి. సాయంత్రం షట్టరు దించేముందు అక్కడి పనివాళ్లు ఇప్పటికీ వైసును బిగించి వదలరు. దవడలు రెండు వేళ్ల మేర తెరిచి, పిడి కిందికి వేలాడేసి వెళతారు. చదువుకున్నవాళ్లు దానికి వేరే కారణం చెబుతారు, రాత్రంతా బిగించి ఉంచితే మర పాడవుతుందంటారు. అదీ నిజమే కావచ్చు. కానీ పనిలో కొత్తగా చేరినవాడు మరిచిపోయి బిగించి వెళ్లబోతే, ఆ సీమ మేస్త్రీలు మర గురించి మాట్లాడరు.

"వదులు చెయ్యరా," అంటారు. "దాలమ్మను చెయ్యి తీసుకోనీ."