ఆగిన ఆకు

పైర్ల శాస్త్రం బోధించే మార్కండేయులు గారికి ప్రశ్న వినగానే జవాబు చెప్పే అలవాటు లేదు. ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న సుదర్శనం ఒకనాడు అడిగాడు. ఆకులో ఒక హార్మోను పెరగమంటుంది, ఇంకొకటి ఆగమంటుంది. ఆ ఆగమనేదాని నోరు నొక్కితే ఆకు రెట్టింపవుతుంది కదా, ఎందుకు నొక్కకూడదు అని. అప్పటికే ఆ వానాకాలం అతను ఒక మెట్ట ఊళ్లో జొన్న పైరు మీద పెరుగుదల మందు కొట్టించాడు. పది రోజుల్లో ఆకులు జానెడు సాగాయి.

ఆ చేను చూసి ఎన్నాళ్లయిందని గురువు అడిగారు. నెలన్నర అన్నాడు సుదర్శనం. మర్నాడు పొద్దున్నే ఇద్దరూ బస్సెక్కారు.

ఆ ఊళ్లో ఓబులమ్మకూ, ఆమె మరిది తిమ్మప్పకూ పక్కపక్కనే చేలున్నాయి. సుదర్శనం మొదటిసారి వచ్చేనాటికే వాన మొహం చాటేసింది. ఆకులు చిన్నవిగానే ఆగిపోయి, గొట్టాల్లా చుట్టుకున్నాయి. సుదర్శనం గట్టు మీద నిలబడి, పదిమంది ముందూ ఆ పైర్లను సోమరివన్నాడు. తిమ్మప్ప మందు కొట్టించాడు. దప్పికతో ఉన్నదాన్ని పరిగెత్తించకూడదని ఓబులమ్మ ఒప్పుకోలేదు. ఊరు నవ్వింది. ఆ తర్వాత ఇరవై అయిదు రోజులు చినుకు లేదు. తిమ్మప్ప పైరు తన పొడుగాటి ఆకులతో నేలలో ఉన్న కాస్త తడినీ తాగేసి, కంకి తొంగిచూడకముందే నిలువునా ఎండింది. ఓబులమ్మ పైరు ముడుచుకుని కాచుకుంది. వాన పడ్డాక ఆకు విప్పింది, కంకి వేసింది.

వీళ్లు వెళ్లేసరికి తిమ్మప్ప ఎండిన మొక్కలు పీకుతున్నాడు. వానలేని బెట్టకు జొన్న చొప్పలో విషమెక్కి ఉంటుందన్న భయంతో పశువులకు కూడా వేయలేకపోయాడు.

తప్పు మందుది కాదు, వానది, ఆకు పెరగనైతే పెరిగింది కదా అని సుదర్శనం గొణిగాడు. పక్క చేలో ఉన్న ఓబులమ్మకు ఆ మాట వినబడింది. ఆమె గట్టు దాకా వచ్చింది.

"మా పైరు సోమరిది కాదు నాయనా. నీళ్లు లేవని తెలిసే ఆగింది. మా మరిది పైరుకు ఆగేదే మరిపిచ్చినారు మీరు. ఇప్పుడు వాన మీదికి తోస్తాండారా?"

సుదర్శనం గురువు వైపు చూశాడు. మార్కండేయులు గారి ముఖం కందిపోయి ఉంది. తప్పు వానదన్న ఆ మాట వెళ్లి తిమ్మప్పతో అనమన్నారు. సుదర్శనం చేలోకి నాలుగడుగులు వేశాడు. తిమ్మప్ప తలెత్తి చూశాడు. సుదర్శనం అక్కడే ఆగిపోయాడు. వెనక్కి వచ్చి, ఆకులో ఆ రెండింటిలో ఏది గెలవాలో ఇప్పటికైనా చెప్పమన్నాడు.

"అవి కొట్లాడుకోవడం లేదురా, మాట్లాడుకుంటున్నాయి," అన్నారు గురువు. "మధ్యలో అరిచింది నువ్వు."