ఆరు గొట్టాల తుపాకీ

కొండకోట పాళెగాడు తిమ్మప్ప నాయుడి దగ్గర వరసగా ఆరుసార్లు పేలే ఆరు గొట్టాల తుపాకీ ఉండేది. వేటలో పంది కనబడగానే ఆయన ఆరు గుండ్లూ గబగబా పేల్చేసేవాడు. ఒక్కటీ తగిలేది కాదు. పందులేమో రైతుల జొన్నచేలు పాడుచేస్తూనే ఉన్నాయి.

తప్పంతా తుపాకీదేనని నాయుడు ప్రతిసారీ కమ్మరి కంబగిరిని పిలిపించేవాడు. కొలిమి పొగలో కళ్లు మండుతుంటే కంబగిరి ఆ గొట్టాల్నే మళ్లీ మళ్లీ సరిచేసి విసిగిపోయాడు. చివరికి నాయుడు, "ఈసారి గురి తప్పిందో, నీ చెయ్యి నరికిస్తా" అన్నాడు.

మర్నాడు వేటలో తుపాకీ అందిస్తూ కంబగిరి నీరసంగా, "దొరా, ఒక్క గొట్టంలోనే గుండు పెట్టాను. తక్కినవి పేలవు" అన్నాడు.

నాయుడు తిట్టబోయేంతలో పొదలోంచి పంది దూసుకొచ్చింది. ఉన్నది ఒకటే గుండు. అది తప్పితే పంది తన మీద పడుతుంది. నాయుడు ఊపిరి బిగబట్టి, అది దగ్గరికి వచ్చేదాకా ఆగి, నిదానంగా గురిచూసి కాల్చాడు. పంది కూలిపోయింది.

"భేష్! ఏం బాగుచేశావురా?" అన్నాడు నాయుడు.

కంబగిరి మొలలోంచి అయిదు గుండ్లు తీసి చూపించాడు. "తుపాకీకి జబ్బేం లేదు దొరా. మీ గురిని చెడగొట్టేవి ఇవే. అందుకే తీసేశాను."

వేట చూడ్డానికి వచ్చి చుట్టూ నిలబడ్డ రైతులు నవ్వాపుకోలేక తలలు దించుకున్నారు. నాయుడు ఆ గుండ్లమీదే కంబగిరి గుప్పిట మూసేశాడు.

"అవి నీ దగ్గరే ఉంచుకో" అన్నాడు.