బాదం ఆకు మీద కన్ను

రేపల్లెలో కనకవల్లి టీచరుగారి పెరడు పట్టుమని నాలుగు సెంట్లు ఉండదు. అయినా ఏడాది పొడుగునా అందులో ఏదో ఒక వేడుకే. ఎండాకాలం మల్లెలు, తొలకరికి నేలలోంచి తన్నుకొచ్చే లిల్లీలు, వానలు వెనకబట్టాక పారిజాతాలు, చలికి చామంతులు, డిసెంబరాలు. రిటైరైన టీచరుగారు రోజూ పొద్దున్నే వెనక వరండాలో కుర్చీ వేసుకుని, కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని, ఏ పువ్వు విచ్చిందో ఏ పిట్ట వచ్చిందో నోటుబుక్కులో రాసుకుంటుంది.

ఆ రాతంటే పెరట్లో వాళ్లకి మహా అనుమానం.

"జామకాయలు ఎవరు కొరుకుతున్నారో పేర్లు రాస్తోంది," అనేది ఉడుత. దాని భయం దానిది.

కుళాయి కింద తడిలో కాపురముండే బోదురుకప్ప బోదయ్య మాత్రం, "రాసుకోనీండర్రా. చూసేవాళ్లు ఒకరుండడం మంచిదేగా," అనేవాడు. అతను చేసేదీ అదే. కదలకుండా కూర్చుని చూడడం.

ఇక సూదమ్మ సంగతి. సూదమ్మ దర్జీపిట్ట. బొటనవేలంత ఒళ్లు, సూదిలాంటి ముక్కు. ఆకుల అంచులు కలిపి దూదిపోగులతో కుట్టేసి, ఆ సంచిలో గూడు పెట్టుకుంటుంది. పోయిన వానాకాలం మందార ఆకుల్లో కుట్టుకుంది. నాలుగు గుడ్లు పెట్టింది. పురుగుల కోసం అలా వెళ్లి ఇలా వచ్చేసరికి పెంకులే మిగిలాయి. ఆ ఏడుపు ఆమె ఎవరి దగ్గరా ఏడవలేదు గానీ, ఆరు నెలలు మందార వైపు చూడలేదు.

చామంతులు వాడుముఖం పట్టి, పక్కింటి మామిడి పూతకొచ్చిన రోజుల్లో ఆమెకి మళ్లీ గూటి మీద మనసు పుట్టింది. ఎక్కడ కట్టాలో తోచక కొమ్మ కొమ్మా తిరుగుతుంటే జెముడుకాకి నడుచుకుంటూ వచ్చాడు. నల్లటి ఒళ్లు, ఇటుకరంగు రెక్కలు, ఎర్రటి కళ్లు. జెముడుకాకి ఎదురైతే శుభమని కొందరు మనుషులంటారు. వాళ్లు గుడ్లు పెట్టరు కాబట్టి అంటారు.

"అమ్మాయ్, పోయినేడు నీ గుడ్లు తిన్నది నేనే," అన్నాడు జెముడయ్య.

సూదమ్మ చప్పున పై కొమ్మకి ఎగిరింది.

"దాచడమెందుకు? ఆకలి అలాంటిది. చేసిన పాపం ఊరికే పోతుందా, అప్పట్నుంచీ తిన్నది ఒంటబట్టడం లేదు. అందుకే చెబుతున్నా విను. బాదం కొమ్మ చివర కట్టుకో. నా బరువుకి ఆ చివరిదాకా రాలేను. ఆకా, అరచెయ్యంత వెడల్పు. నీ కుట్టుకి అంతకన్నా మంచి గుడ్డ దొరకదు."

దొంగే వచ్చి తలుపు ఏ పక్క గట్టిదో చెబుతుంటే ఎవరైనా ఏం చేస్తారు? సూదమ్మ నమ్మింది. పైగా ఆకు చూడగానే ఆమె చేతి పని ఆమెని ఊరుకోనివ్వలేదు. వెడల్పు చూసింది, మందం చూసింది, ముక్కుతో పొడిచి గట్టిదనం చూసింది. దాని వయసు చూడలేదు. మధ్యాహ్నానికల్లా సంచి కుట్టేసి లోపల దూది పరిచింది.

నీళ్లకి కుళాయి దగ్గర వాలినప్పుడు బోదయ్య అన్నాడు, "అమ్మడూ, ఆ చెట్టొద్దు."

"నేల మీద దేకేవాడివి, చెట్ల సంగతి నీకేం తెలుసు తాతా?"

"చెట్టు మీద ఉన్నవాళ్లకి కొమ్మకున్న ఆకులే కనపడతాయమ్మా. రాలినవన్నీ నా నెత్తినేగా పడేది. మామిడి పూసిందంటే బాదం ఆకు ఎర్రబడుతుంది. నెల తిరిగేలోగా చెట్టు బోడి. పోయినేడు ఒక ఆకు మీద పడి పొద్దెక్కేదాకా లేవలేకపోయాను. ఈ సంగతి నాకే కాదు, జెముడయ్యకీ తెలుసు. ఆయనా నేల మీద నడిచేవాడే."

సూదమ్మ ఎగిరి వెళ్లి చూసింది. ఆకు అంచున కందిబద్దంత ఎర్రమచ్చ. గుడ్లు అక్కడే పెట్టి ఉంటే సంచితో సహా రాలి జెముడయ్య కాళ్ల దగ్గర పడేవి.

"మరి ఎక్కడికి పోను తాతా?"

"టీచరుగారి కుర్చీ పక్కన, కుండీలో వంగమొక్క ఉంది చూడు."

"మనిషి పక్కనా!"

"ఆరేళ్లుగా చూస్తున్నా ఆవిణ్ణి. పువ్వు కోసే ముందు లోపల తేనెటీగ ఉందేమోనని వంగి చూసే మనిషి. ఆవిడ దగ్గితే చాలు, జెముడయ్య పొదలో దూరతాడు."

"ఆయన వెతుక్కుంటూ రాడూ?"

"ఆయన కన్ను బాదం ఆకు మీద ఉంది. అక్కడే ఉండనీ. రోజూ ఒక పోగు పట్టుకుని ఆ గూటి మీద కాసేపు కూర్చునిరా. నోరు విప్పి ఏమీ చెప్పక్కర్లేదు."

అలాగే చేసింది. మూడో రోజు టీచరుగారు వంకాయలు కోయబోయి, కుట్టిన ఆకు చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ పూట ఇంట్లో వంకాయ కూర లేదు. కుర్చీ బారెడు దూరం జరిపింది. కుండీ అంచున చెంబుతో సన్నగా నీళ్లు పోసి, నోటుబుక్కు తీసింది.

జెముడయ్య బాదం కింద మెడ పైకెత్తి కూర్చున్నాడు. నత్తలు ఆయన కాళ్ల మీదుగా పాకాయి.

"మావా, నీ తిండి నడిచిపోతోంది," అంది ఉడుత.

"పోనీవే. నాకు పెద్ద పని ఉంది," అన్నాడు.

చిక్కుడుపాదు ఎండింది. జామ పూసింది. చిలకలు వచ్చి వెళ్లాయి. ఆయన ఇవేవీ చూడలేదు. బాదం ఆకులు ఒక్కొక్కటే ఎర్రబడి రాలుతుంటే, తన ఆకు వంతు కోసం కడుపు మాడ్చుకుని కూర్చున్నాడు.

ఇరవయ్యో రోజున గాలి వీచింది. కుట్టిన ఆకు గిర్రున తిరుగుతూ వచ్చి పడింది. జెముడయ్య ఒక్క దూకు దూకి ముక్కు లోపలికి దూర్చాడు. దూది! ముక్కుకి అంటుకుంది, గొంతుకి అడ్డంపడింది. కక్కుకుని తలెత్తేసరికి వరండాలోంచి కిచకిచలు వినిపించాయి. వంగమొక్కలో మూడు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. సూదమ్మ ఒక్కో నోట్లో పురుగు పెడుతోంది. పక్కన టీచరుగారు కలం పట్టుకుని ఇటే చూస్తోంది.

జెముడయ్య రెండడుగులు వేశాడు. ఆవిడ దగ్గింది. ఆయన కుళాయి పక్క పొదలో దూరాడు.

"ఎప్పుడు కట్టింది అక్కడ?" అన్నాడు రొప్పుతూ.

"నువ్విక్కడ కూర్చుని ఉండగానే," అన్నాడు బోదయ్య. "రోజూ నీ ముందునుంచే ఎగిరెళ్లింది."

తనకి కావలసినదొక్కటే చూస్తూ కూర్చున్నవాడికి కళ్లముందున్న పెరడంతా కనపడదు.