పెట్రోలు అయిపోయిన చోట

దస్తగిరి ఉస్తాద్‌ను ఎవరు ఏది అడిగినా వెంటనే జవాబు చెప్పేవాడు కాదు. "ఆదివారం రాండి, చూస్తాం" అనేవాడు. ఒకప్పుడు రేసుల్లో కార్లు నడిపిన మనిషి. ఇప్పుడు హిందూపురం దాటాక బీడు భూముల మధ్య ఉన్న ఒక ట్రాక్ మీద, నడపడం నేర్పుతున్నాడు. నేర్చుకోవడానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది బెంగుళూరు కుర్రాళ్లు. సుభాషిణి ఒక్కతే నలభై దాటిన మనిషి. అనంతపురంలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతుంది.

ఒకరోజు ఆమె అడిగింది. "ఉస్తాద్, ఇన్నాళ్లూ మీ కారే నడిపాను. ఇప్పుడు చీటీ డబ్బు చేతికొచ్చింది. రెండు పాత కార్లు చూసి పెట్టుకున్నాను. ఒకటి ఎర్రది, రెండు తలుపులది, టాపు తెరుచుకుంటుంది. రెండోది తెల్లది, చిన్నది, మార్కెట్టుకు వేసుకెళ్లే కారులా ఉంటుంది. ఏది తీసుకోమంటారు?"

అడగడం తూకంగానే అడిగింది గానీ, మనసు ఎప్పుడో ఎర్రదానికి ఇచ్చేసింది. పదో తరగతిలో ఉండగా బెంగుళూరు రోడ్డు మీద బస్సు ఆగినప్పుడు, అలాంటి కారొకటి ఆమె ముందు నుంచే వెళ్లింది. నడుపుతున్నది ఒక ఆడమనిషి. మోచెయ్యి తలుపు మీద ఆనించి, ఎవరికోసమూ ఆగే పని లేనట్టు వెళ్లిపోయింది. ఆ తర్వాత సుభాషిణికి ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, కూతురు పెద్దదై హాస్టలుకు వెళ్లింది. ఆ మోచెయ్యి మాత్రం కళ్లముందు నుంచి కదల్లేదు. ఎర్రది కొంటే చేతిలో ఏమీ మిగలదని ఆమెకు తెలుసు. ట్రాక్ మీద టైర్లూ బ్రేకు ప్యాడ్లూ సబ్బుబిళ్లల్లా అరిగిపోతాయని కూడా తెలుసు. ఇలాంటి డబ్బు మళ్లీ చేతికి రావడం కల్ల. అయినా రాత్రి కళ్లు మూసుకుంటే కనబడేది ఎర్రదే.

ఉస్తాద్ గడ్డం నిమురుకున్నాడు. "రెండూ ఆదివారం ఇక్కడికే తెప్పించు మా" అన్నాడు.

తెల్లదాన్ని దాని యజమాని ముందురోజే ట్రాక్ షెడ్డులో వదిలి వెళ్లాడు. ఎర్రదాన్ని కృపానందం గారు స్వయంగా నడుపుకుంటూ వచ్చారు. నడుం పట్టేసి, అంత కిందికి వంగి కూర్చోలేక అమ్ముకుంటున్న పెద్దమనిషి. "ఇంకొకాయన కూడా అడుగుతున్నాడమ్మా. సాయంత్రానికి ఆయనకు మాట చెప్పాలి" అన్నారు.

సుభాషిణి ముందు ఎర్రదాంట్లోనే కూర్చుంది. స్టీరింగు మీద చెయ్యి వేసి కాసేపు ఊరికే ఉండిపోయింది. ఇంజను మోగగానే ఒళ్లు జలదరించింది. ట్రాక్ మీదికి వెళ్లింది. తిన్నగా ఉన్నచోట కారు ఉరికింది గానీ, మలుపు వచ్చిన ప్రతిసారీ ఆమె కాలు తనకు తెలియకుండానే యాక్సిలరేటరు మీది నుంచి వెనక్కి వచ్చింది. గులకరాయి ఎగిరి తగిలిన చప్పుడైతే గుండె జారింది. కొద్ది చుట్లు తిరిగి, మెల్లగా వెనక్కి తెచ్చి, షెడ్డు నీడ చూసి మరీ ఆపింది. తలుపు కూడా రెండు చేతులతో వేసింది.

"ఎట్లా ఉందమ్మా?" అన్నారు కృపానందం గారు.

ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఉస్తాద్ తెల్లదాని తాళాలు చేతికిచ్చాడు.

తెల్లదాంట్లో సీటు చిరిగి స్పాంజి కనబడుతోంది. ఏసీ ఎప్పుడో పీకేశారు. మొదటి చుట్టు ఆమె విసుగ్గానే తిరిగింది. రెండో చుట్టులో, కొండ పక్క మలుపులో, వెనక చక్రాలు ఒక్కసారిగా పక్కకు జారాయి. ఇన్నేళ్లూ ఉస్తాద్ నోటితో చెప్పింది ఆమె చేతులు వాటంతట అవే చేశాయి. కారు గాడిలో పడింది. సుభాషిణి పైకే నవ్వింది. మళ్లీ అదే మలుపుకు ఇంకాస్త వేగంగా వెళ్లింది. ఆ తర్వాత చుట్టూ ఏం జరుగుతోందో ఆమెకు తెలియదు. చెమట కళ్లల్లోకి కారుతుంటే భుజంతో తుడుచుకుంది. రోడ్డు తప్ప ఏమీ లేదు.

ట్రాక్ అవతలి చివర కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. పెట్రోలు అయిపోయింది.

ఎండ మండిపోతోంది. దిగి నిలబడితే, దూరంగా ఉస్తాద్ క్యాను పట్టుకుని నడిచి వస్తూ కనిపించాడు. ఆయన దగ్గరికి వచ్చేసరికి ఆమె సిగ్గుతో తల దించుకుంది.

"పెట్రోలు ముల్లు చూసుకోలేదు ఉస్తాద్."

"వచ్చేయమని జెండా ఊపితిని. అదన్నా చూస్తివా?"

"లేదు."

ఆయన తీరిగ్గా పెట్రోలు పోశాడు. మూత బిగించి చేతులు తుడుచుకున్నాడు. "ఎర్రదాంట్లో నుంచి నీ అంతట నువ్వే దిగివస్తివి" అన్నాడు.

షెడ్డుకు తిరిగి వచ్చాక సుభాషిణి కృపానందం గారికి చేతులు జోడించింది. "ఆ ఇంకొకాయనకే ఇచ్చేయండి సార్" అంది. ఆయన టాపు తెరుచుకుని, నడుం పట్టుకుంటూ లోపలికి దిగి, వెళ్లిపోయారు. బీడు మధ్య మట్టిరోడ్డు మీద ఎర్రటి చుక్క చిన్నదైపోయి, దుమ్ములో కలిసిపోయేదాకా ఆమె అక్కడే నిలబడింది. దుమ్ము అణిగాక కూడా కదల్లేదు.

ఉస్తాద్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"తెల్లదే తీసుకుంటాను ఉస్తాద్" అంది ఆమె, రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండానే. "కానీ ఆ ఎర్రదాని మీద ఆశ పోయేలా లేదు. ఏం చేయమంటారు?"

"పోనీయొద్దు మా" అన్నాడాయన. "ఆ ఆశ పోతే ఈ తెల్లది కూడా ఉరకదు."