ఆగని చెయ్యి

కొండల నడుమ ఒక చిన్న రాజ్యంలో, పూలమ్ముకునే నాంచారమ్మ చెయ్యి విరిగిన కూతుర్ని రాజు ముందు నిలబెట్టింది.

"నా బిడ్డను మళ్ళీ మొగుడింటికి పంపమనకండి ప్రభూ!"

ఆ మొగుడు వీరమల్లు, రాజుగారి అంగరక్షకుడు. రాజు వెనకే కత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. "మగపుట్టుక ప్రభూ! కోపమొస్తే చెయ్యి ఆగదు. మా నాన్నా అంతే, తాతా అంతే" అన్నాడు.

రాజు తలూపబోయాడు. నాంచారమ్మ దేవుణ్ణి తలుచుకుని నెమ్మదిగా అంది.

"నిజమే కాబోలు. మొన్న నిండు సభలో తమరు మా అల్లుడికి చీవాట్లు పెట్టారు. ఆగని చెయ్యి, అందులో కత్తి, తమ మెడకు మూరెడు దూరం. నాకు భయంగా ఉంది ప్రభూ."

"అపచారం! తమ ముందు ఎంత కోపమొచ్చినా దిగమింగుకుంటాను!" అన్నాడు వీరమల్లు గాభరాగా.

రాజు ఆ పిల్ల చేతికట్టు వైపు చూసి, వీరమల్లు వైపు తిరిగాడు.

"దిగమింగుకోవడం వచ్చన్నమాట. కత్తి కింద పెట్టు. అమ్మా, బిడ్డను నీ ఇంటికే తీసుకెళ్ళు."