తెల్ల అట్ట

వరహాలు మాస్టారిని ఎవరైనా ఏదైనా అడిగితే ఆయన ముందు కుంచెలు కడుగుతారు. కడగవలసిన కుంచెలు లేకపోతే కడిగినవే మళ్ళీ కడుగుతారు. భీమిలిలో సముద్రానికి ఎదురుగా ఉన్న ఆయన మేడగదికి ఆదివారాలు బొమ్మలు నేర్చుకోవడానికి వచ్చే పెద్దవాళ్ళందరికీ ఈ అలవాటు తెలుసు. అందుకే అడిగిన రోజే జవాబు దొరుకుతుందని ఎవరూ ఆశపడరు. ఒకప్పుడు వారపత్రికల మీద ఆయన వేసిన ముఖచిత్రం కోసమే జనం ఎగబడి కొనేవారు. ఇప్పుడు ఆ చేతికి కళ్ళ తోడు లేదు. చూపు నడిమధ్య మసకబారి, అంచులు మాత్రం మిగిలాయి. ఎదుటివాడి చెవులు కనిపిస్తాయి గానీ ముక్కు కనిపించదని ఆయనే నవ్వుతూ చెబుతుంటారు. శీతాకాలం వచ్చేసరికి ఆ అంచులు కూడా పోతాయని డాక్టర్లు చెప్పేశారు.

శిష్యుల్లో తారకేశ్ పళ్ళ డాక్టరు. అతనికి ఒక పిచ్చి ఉంది. పిచ్చి అంటే చిన్నబుచ్చుకుంటాడు గనక అభిరుచి అందాం. గాలిని లొంగదీసుకుని ఎగిరే ‘ఝంఝ’ అనే వీరనారి కామిక్స్ ఈ మధ్య వస్తున్నాయి. సంచిక లోపలి కథ ఒక్కటే, పైన అట్టలు మాత్రం రకరకాలు. ఒకే సంచికకి ఒక్కో చిత్రకారుడు ఒక్కో అట్ట వేస్తాడు. వెండిరేకులా మెరిసే అట్ట, రంగులు పడకముందటి పెన్సిలు గీతల అట్ట, పేరు కూడా అచ్చు వెయ్యకుండా బొమ్మ ఒక్కటే ఉన్న అట్ట. కొన్ని అందరికీ దొరుకుతాయి, కొన్ని ఏ అదృష్టవంతుడికో దొరుకుతాయి. ఆ అదృష్టవంతుడు కావడానికి తారకేశ్ పడని పాట్లు లేవు. అవన్నీ అతని ఇంట్లో ఏసీ ఆపని ఒక గదిలో కొలువై ఉంటాయి. ఆ గది ఊడవడానికి వాళ్ళావిడ శాలువా కప్పుకుని వెళుతుంది.

అన్నిటిలోనూ అతని ప్రాణం ఒక తెల్ల అట్ట మీద ఉంది. పైన ఝంఝ పేరు తప్ప దాని మీద ఇంకేమీ ఉండదు. కొనుక్కున్నవాడు తనకి ఇష్టమైన చిత్రకారుడి చేత బొమ్మ వేయించుకోవాలని అలా ఖాళీగా వదిలేస్తారు. తారకేశ్ దాన్ని మాస్టారి చేత వేయించుకోవాలనే కొన్నాడు. చిన్నప్పుడు మంగలి షాపులో మాస్టారి ముఖచిత్రం ఒకటి చూసి, తన వంతు వచ్చినా లేవకుండా కూర్చున్నవాడు అతను. అట్టల మీద మోజు అక్కడే పుట్టింది. కానీ తెల్ల అట్ట చేతికి రాగానే మరక పడుతుందేమోనని భయం పట్టుకుంది. దాన్ని నిపుణులకి పంపి, మచ్చలేనిదని మార్కు వేయించి, పలకలాంటి గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేయించి తెచ్చుకున్నాడు. సీలు తీస్తే మార్కు చెల్లదు. తీయకపోతే బొమ్మ లేదు. ఈ మీమాంసలో ఏళ్ళు గడిచిపోయాయి, అవతల మాస్టారి కళ్ళు మసకబారాయి.

సెలవు మధ్యాహ్నాలు ఆ తెల్లదనం ఎదురుగా కూర్చుంటే తారకేశ్‌కి కాలం తెలిసేది కాదు. చూడగా చూడగా అందులో మబ్బులు కదిలేవి. ఝంఝ ఒకసారి వానలోంచి వచ్చేది, ఒకసారి తాటిచెట్ల మీదుగా, ఒకసారి ఎవరిదో ఇంటి డాబా మీద ఆరేసిన చీరల మధ్యలోంచి. రెప్ప వేస్తే మళ్ళీ తెలుపు. ఇన్ని బొమ్మలున్న కాగితం మీద ఒక్క బొమ్మ వేయిస్తే మిగతావన్నీ ఏమైపోతాయని అతనికి నిజంగానే దిగులు వేసేది.

బొమ్మల క్లాసులోనూ అతని వరస అదే. గీసీ గీయనట్టు గీస్తాడు, వెంటనే చెరిపేస్తాడు. పక్కన కూర్చునే పోస్టాఫీసు భ్రమరాంబగారు ఊరుకోలేక, “కాగితానికి నొప్పి పుడతాదని భయమేటి బాబూ? ఓ మత్తు సూది పొడిచి గియ్యండి” అని ఏడిపించేవారు.

వానాకాలం చివర్లో ఒక ఆదివారం తారకేశ్ ధైర్యం చేసి అడిగాడు. “మాస్టారూ, ఒక తెల్ల కాగితం ఉందనుకోండి. మళ్ళీ దొరకనిది. దానికి తగిన బొమ్మ ఏదో ఎలా తెలుస్తుంది?”

మాస్టారు కుంచెలు కడిగారు. నిదానంగా, ఒక్కొక్క కుంచె వెంట్రుకలూ వేళ్ళతో నిమిరి, గుడ్డ మీద ఆరబెట్టారు. తరవాత “వచ్చే వారం పట్టుకురా” అన్నారు.

తారకేశ్ పట్టుకొచ్చాడు. ఎండదెబ్బ తగలకుండా, టీకా మందులు తీసుకెళ్ళేలాంటి పెట్టెలో మంచుగడ్డల సంచి పక్కన పెట్టి, దారి పొడుగునా ఒళ్ళోనే ఉంచుకుని తెచ్చాడు. మేడగదిలో కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. సముద్రం మీంచి తడిగాలి గదిలోకి వస్తోంది. అతను పెట్టె తెరిచి, చల్లటి ప్లాస్టిక్ పలకని మాస్టారి ముందు బల్ల మీద పెట్టాడు. పెట్టీ పెట్టగానే పలక మీద ఆవిరి పట్టింది. చూస్తుండగానే ఝంఝ పేరు మసకేసింది, అట్ట మొత్తం మంచు కురిసిన పొద్దులా అయింది. తారకేశ్ గబుక్కున జేబులోంచి మెత్తటి గుడ్డ తీశాడు.

“తుడవకు నాయనా” అన్నారు మాస్టారు.

ఆయన చేత్తో తడుముతూ పలక నాలుగు అంచులూ చూసుకున్నారు. ఆరిన కుంచె ఒకటి తీసుకుని, ఎడమ చెయ్యి బొటనవేలు ఒక మూల ఆనించి, ఆ ఆవిరి మీద గీత పెట్టారు. కుంచె నడిచిన చోటల్లా మంచు విడిపోయి నిగనిగలాడే దారి పడింది. మొదట ఒక మడమ వచ్చింది. తరవాత గాలికి వెనక్కి తిరిగిన చీరకుచ్చెళ్ళు, నడుం, ఎత్తిన చెయ్యి, విడిపోతున్న జడ. మాస్టారు పలకకేసి చూడటం లేదు. ఆయన మొహం సముద్రం వైపు ఉంది. చెయ్యి మాత్రం తనకి తెలిసిన ఊళ్ళో నడిచినట్టు తడబాటు లేకుండా పోతోంది. భ్రమరాంబగారు పెన్సిలు కింద పెట్టేశారు.

తారకేశ్ వంగి చూస్తున్నాడు. అతని గదిలో ఉన్న ఝంఝలందరూ ఆకాశంలోనే ఉంటారు. ఈమె ఇంకా ఎగరలేదు. ఒక మడమ నేల మీదే ఉంది. వెనక్కి తిరిగి, తను వదిలి వెళుతున్న ఎవరినో చూస్తోంది. ఆ ఎవరో తనేనని అతనికి అనిపించింది. ఇన్ని మధ్యాహ్నాలు ఆ తెల్లదనంలో చూసిన బొమ్మల్లో ఈ బొమ్మ ఒక్కసారీ రాలేదు.

ఇంతలో కిటికీలోంచి ఎండ బల్ల మీదికి జరిగింది. పలక వేడెక్కుతున్న కొద్దీ అంచుల నుంచి ఆవిరి విడిపోవడం మొదలుపెట్టింది. ముందు జడ కొస పోయింది.

“మాస్టారూ, పోతోంది!” అన్నాడు తారకేశ్.

“ఊఁ” అన్నారు ఆయన, కనుబొమ దిద్దుతూ.

అతను గబగబా ఫోను తీసి ఫొటో తీశాడు. అందులో తన మొహమూ, పైన తిరుగుతున్న ఫ్యానూ పడ్డాయి గానీ ఆమె పడలేదు. ఎండకి చెయ్యి అడ్డం పెట్టాడు. ఎత్తిన చెయ్యి పోయింది. వంగి, పలక మీద నోటితో ఊదాడు. ఆవిరి వచ్చింది, బొమ్మ రాలేదు. ఆ కొత్త ఆవిరి కూడా ఆరిపోయాక చూస్తే, మెరిసే ప్లాస్టిక్ కింద తన అట్ట ఏ మచ్చా లేకుండా తెల్లగా ఉంది. ఏళ్ళ తరబడి అంత అపురూపంగా చూసుకున్న తెలుపు ఇప్పుడు అతనికి ఎవరూ లేని ఇల్లులా కనిపించింది.

తరవాత అతను చేసిన పని భ్రమరాంబగారు ఇప్పటికీ చెబుతారు. రంగులు కలిపే కత్తి తీసుకున్నాడు. పలక అంచులో పెట్టి ఒక్క తిప్పు తిప్పాడు. పన్ను విరిగినట్టు ఫట్‌మని సీలు ఊడింది. మార్కు వేసిన చీటీ ఎగిరి ఎక్కడో పడింది, అతను అటు చూడనైనా లేదు. అట్టని రెండు చేతులతో తీసి మాస్టారి చేతి కింద పెట్టాడు.

“ఆ బొమ్మే వెయ్యండి మాస్టారూ. మడమ నేల మీద ఉన్నదే. ఆమె వెనక్కి చూస్తోంది కదా, అదే.”

మాస్టారు కాగితం మీద అరచెయ్యి ఆనించి నెమ్మదిగా నిమిరారు. చాలాసేపు నిమిరారు. తరవాత బల్ల మీద వెతికి ఒక పెన్సిలు పట్టుకుని, మొన వేలితో చూసుకుని, అతని చేతిలో పెట్టారు.

“వెనక్కి చూసిందా?” అన్నారు. “నాకేం తెలుస్తుంది నాయనా. చూసినవాడివి నువ్వు.”